వదిన చెయ్యి ఆగిన చోట

నేను రాసింది పైకి చదువుతుంటే మా ఆయన రెండో పేజీలోనే గురక పెట్టేవాడు. పాపం, ఆయన్ని అనకూడదు. పగలంతా బస్సు నడిపి వచ్చేవాడు. వినేవాళ్ళు లేకుండా చదవడం నాకు చేతకాదు కాబట్టి గోడలకి చదివేదాన్ని. అలాంటి ఒక సాయంత్రం, పక్కన కూర్చుని బఠానీలు వలుస్తున్న మా వదిన, అంటే ఆయన అక్క, ఉన్నట్టుండి "అక్కడ ఊపిరి చాల్లేదే" అంది.

వదిన సంగీతం టీచరు. మా ముందుగదిలో నలభై ఏళ్ళు పిల్లలకి పాట నేర్పింది. పాటల పుస్తకం తప్ప ఇంకో పుస్తకం తెరిచి ఎరగదు. నా నవలలో ఎవరు ఎవర్ని పెళ్ళాడారో ఆవిడకి అనవసరం. ఆ రోజు నుంచి నేను చదువుతుంటే ఆవిడ కుడిచెయ్యి మోకాలి మీద తాళం వేసేది. వాక్యం తడబడిన చోట ఆ చెయ్యి ఆగిపోయేది. ఏం మార్చాలో మాత్రం చెప్పేది కాదు.

నాకు ఒళ్ళు మండేది. మూడు రోజులు కుస్తీ పట్టి రాసిన వర్ణన దగ్గర చెయ్యి ఆగితే, "మీకేం తెలుసు వదినా సాహిత్యం గురించి?" అని విసుక్కునేదాన్ని.

"ఏం తెలీదే తల్లీ. చెయ్యి ఆగింది, అంతే" అనేది.

లోపల్లోపల తిట్టుకుంటూ మళ్ళీ చదివితే, నిజంగానే అక్కడ రెండు మాటలు ఎక్కువుండేవి. ఇంకో మంట ఏమిటంటే, పిల్లల దగ్గర ఆవిడ చెయ్యి ఎప్పుడూ ఆగేది కాదు. పిల్ల ఎంత తప్పు పాడినా, మధ్యలో మర్చిపోయి బిక్కమొహం వేసినా, కుడిచెయ్యి తాళం వేస్తూనే ఉండేది. ఎడమచెయ్యి ఆ పిల్ల వీపుకి ఆనించి ఊపిరి ఎక్కడ తెగిందో చూసుకునేది. "పాట పోయినా పరవాలేదు, తాళం పోనివ్వకూడదు. అదే పాటని వెతికి పట్టుకొస్తుంది" అనేది. ఆ దయ నా మీద ఎందుకు లేదా అని నేను కుళ్ళుకునేదాన్ని.

మొదటి నవల అచ్చయింది. సభ పెట్టారు. ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "అమ్మా, మీ వచనం చదువుతుంటే పాట విన్నట్టుంది. ఈ లయ మీకెక్కడిది?" అని అడిగాడు. మొదటి వరసలో వదిన కూర్చుని ఉంది. నేను గొంతు సవరించుకుని, "పుట్టుకతో వచ్చిందండీ" అన్నాను. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది వదినే.

ఆ చప్పట్లు నన్ను పదకొండేళ్ళు నిద్రపోనివ్వలేదంటే కోతలు కోసినట్టవుతుంది. హాయిగానే నిద్రపోయాను. రెండో పుస్తకం కూడా వచ్చింది, అందులోనూ ఆవిడ మాట ఎత్తలేదు. ఇంట్లో మనిషే కదా, ఎప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను.

పోయిన ఏడాది వదినకి పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ రెండు చెవుల వినికిడీ పట్టుకుపోయింది. పిల్లలు రావడం మానేశారు. ఆవిడే హార్మోనియం మీద దుప్పటి కప్పేసింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపించాల్సి వచ్చేది. "మందు వేసుకున్నారా" అని రాసి తుడిచెయ్యొచ్చు. పదకొండేళ్ళు దాచుకున్న మాటని అలా రాసి, అలా తుడిచెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

మూడో నవల మూలన పడింది. నా మోకాలి మీద నేనే తాళం వేసుకుంటూ చదివి చూశాను. నాకు నేనే చక్కిలిగింతలు పెట్టుకున్నట్టుంది. చెయ్యి ఎక్కడా ఆగదు. పబ్లిషరు సోమవారం లోపు పంపకపోతే ఈ ఏడాదికి పుస్తకం లేనట్టే అన్నాడు. కాయితాలు ముందేసుకుని ఏడుపు మొహంతో కూర్చుంటే వదిన చూసింది. నా వెనక స్టూలు లాక్కుని కూర్చుని, ఎడమచెయ్యి నా వీపుకి ఆనించింది.

"చదువు" అంది.

"మీకు వినపడదు కదా వదినా" అన్నాను, ఆవిడకి వినపడదని మర్చిపోయి.

"ఆఁ, అందుతోంది. కాస్త గట్టిగా కానీ" అంది.

మూడు రోజులు చదివాను. నా గొంతు అదురు వీపులోంచి ఆవిడ అరచేతికి అందేది, ఆవిడ తాళం చప్పుడు వెనక నుంచి నాకు వినిపించేది. చెయ్యి ఆగిన ప్రతిచోటా గీత పెట్టుకున్నాను. నలభై రెండు గీతలు. ఒక్కదానికీ కోపం రాలేదు. నాకున్న అదృష్టం మీద ఇన్నేళ్ళూ నేను విసుక్కున్నానని తెలిసి సిగ్గేసింది. ఎంతమంది రాస్తారు ఈ లోకంలో! ఎంతమందికి దొరుకుతుంది ఇలాంటి చెయ్యి?

ఆదివారం మధ్యాహ్నానికి ఆఖరి కాయితం మిగిలింది. అది ఆవిడకి తెలియకుండా పొద్దున్నే నేను రాసింది. "ఈ పుస్తకంలో నడక మా వదినది. ముందు రెండు పుస్తకాల్లోదీ ఆవిడదే. పుట్టుకతో వచ్చిందని సభలో అబద్ధం చెప్పాను, ఆవిడ ఎదురుగా..." అక్కడ నాకు ఊపిరి చాల్లేదు.

వెనక చెయ్యి ఆగింది.

"ఇది బాగా కుంటుతోందే. తీసెయ్" అంది వదిన.

పలక అందుకుని "తియ్యను" అని రాసి చూపించాను. ఇన్నేళ్ళలో ఆ చెయ్యి మాట నేను కాదన్నది అదొక్కసారే.

"మొండిఘటం! నీ ఇష్టం" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పుస్తకం వచ్చిన రోజు మొదటి ప్రతి ఆవిడ ఒళ్ళో పెట్టి, ఆ పేజీ తెరిచాను. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. నాకు భయం వేసింది. ఆ రోజు సభలో ఆవిడ మనసుకి ఎలా ఉండిందో నేనెప్పుడూ అడగలేదు.

"అటు తిరిగి కూర్చో" అంది. పుస్తకం నా చేతికిచ్చి, వీపుకి చెయ్యి ఆనించింది. "ఇప్పుడు చదువు. ఏం చదువుతున్నావో తెలిసి వింటాను."

చదివాను. "ఆవిడ ఎదురుగా" అన్న చోటికి వచ్చేసరికి మళ్ళీ ఊపిరి చాల్లేదు. అక్కడే ఆగిపోయాను.

వెనక తాళం మాత్రం ఆగలేదు. నేను కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, మళ్ళీ అందుకునేదాకా ఆవిడ అలా వేస్తూనే ఉంది.