ఉప్పలమ్మ పిలిస్తే వచ్చిన గుర్రం

భోపాలపట్నం జమీందారు గుర్రపుశాలలో తల్లి చచ్చిన గుర్రపు పిల్లను మేకపాలు పట్టి బతికించింది ఉప్పలమ్మ. కొరడా ముట్టకుండా, మెడ నిమురుతూ, కబుర్లు చెబుతూ మెత్తటి తాడు కళ్లేనికి అలవాటు చేసింది. "రా బిడ్డా" అంటే చాలు, అది పరుగెత్తుకొచ్చేది.

ఎదిగాక దాన్ని ఆ ఊరి ఠాణా అధికారి ఠాణేదారు తన సవారీకి తీసుకున్నాడు. మొదటిరోజే ముళ్ల కళ్లెం వేసి బాదాడు. అది అతన్ని కింద పడేసి ఇంద్రావతి ఒడ్డు అడవిలోకి పారిపోయింది. బంట్రోతులకు చిక్కలేదు. చివరికి ఠాణేదారే ఉప్పలమ్మ గుడిసెకొచ్చాడు.

"పులి నోట పడకముందే పిలువు ఉప్పలమ్మా. ఇంక దాన్ని నీ దగ్గర్నే ఉంచుకో."

"ఒట్టు వెట్టుండ్రి దొరా."

దంతేశ్వరి తల్లి మీద ఒట్టు పెట్టాడు.

ఆమె ఏటి ఒడ్డున నిలబడి పిలిచింది. పొదల్లోంచి గుర్రం వచ్చి, నెత్తురు కారుతున్న మూతిని ఆమె భుజానికి ఆనించింది. అంతే, చెట్ల చాటున దాగిన బంట్రోతులు దాని మెడకు ఉచ్చు వేశారు. ఠాణేదారు అదే ముళ్ల కళ్లెంతో ముందుకొచ్చాడు.

"ఇదేంది దొరా! తల్లి మీద ఒట్టేస్తిరి గదా!"

"గుర్రం కోసం ఏసిన ఒట్టు గూడ ఒట్టేనా?" అని నవ్వాడు.

ఈడ్చుకుపోతున్నంతసేపూ గుర్రం వెనక్కి తిరిగి ఉప్పలమ్మనే చూసింది.

మరుసటి ఏడు ఇంకో పిల్ల పుట్టిందని, సాకమని శాల నుంచి కబురొచ్చింది. ఉప్పలమ్మ గడప దాటలేదు.

"నన్ను నమ్మే ఇంకో పాణాన్ని మీ చేతుల వెట్టను పొండ్రి," అంది.