తెరుచుకోని కోట తలుపు

పేరిందేవి అట్టకోట వెనకాల నిలబడి ఉంది, రాణి వేషంలో, చేతిలో హారతి పళ్ళెంతో, తన రంగం ఎప్పుడు వస్తుందా అని చూస్తూ. రంగు పులిమిన అట్టలే అవి, అయినా చెయ్యి వేస్తే రాతిలా చల్లగా తగులుతున్నాయి, కాళ్ళ కింద మాత్రం స్టూడియో సిమెంటు నేల కాకుండా ఇసుక, తిరనాళ్ళకి వాళ్ళ నాటక సమాజం పందిరి వేసుకునే కృష్ణ ఒడ్డు ఇసుక. టీవీ స్టూడియోలోకి కృష్ణ ఒడ్డు ఎలా వచ్చిందని ఆవిడ అడగదు. కలలో అలాంటివి ఎవరడుగుతారు గనుక.

సింహాసనం మీద రాజు వేషంలో అదే సమాజం నటుడు పరంధామయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఆ సంగతి పేరిందేవికి తెలుసు, ఆయనకీ తెలిసినట్టే ఉంది, ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

ఒప్పుకోవాలి, ఆయన గొంతు గొంతే. ఆ గొంతే ఆవిడ కొంప ముంచింది. హైదరాబాదులో టీవీ కొత్తగా వచ్చిన రోజులవి. వీళ్ళ 'దుర్గపతనం' నాటకం స్టూడియోలో ఆడుతుంటే ఆ క్షణానికే ఇళ్ళలో కనిపించేది, ఆపి మళ్ళీ మొదలుపెట్టే వీలు లేదు, ఇచ్చిన సమయం దాటితే వార్తలు వచ్చేస్తాయి. పరంధామయ్య కోటని శత్రువుకి వదలనని పద్యం పాడాడు. పాడినవాడు ఊరుకోక అదే పద్యం మళ్ళీ ఎత్తుకున్నాడు, ఇంకా పెద్ద రాగం తీస్తూ, పందిట్లో జనం వన్స్‌మోర్ అని కేకలు పెడితే పాడినట్టు. అక్కడ జనమేరీ? మూడు కెమెరాలు, వాటి వెనక మనుషులు, అంతే. ఆ రాగం ముగిసేసరికి సమయం కాస్తా అయిపోయింది. ఆకలికి మాడుతున్న ప్రజల కోసం కోట తలుపు తెరవమని రాణి రాజుని ఒప్పించే ఆఖరి రంగం, నాటకానికే ప్రాణమైన రంగం, గాలికి పోయింది. చిక్కడపల్లిలో ఎవరింట్లోనో కూర్చుని, కూతురు హారతి పళ్ళెంతో మాటా పలుకూ లేకుండా వచ్చి వెళ్ళడమే చూసిన పేరిందేవి తల్లి, "ఏమే, పళ్ళెం మొయ్యడానికేనా నిన్ను పిలిచింది? నీకు మాటలే రాయలేదుటే?" అంది. ఆ తర్వాత పేరిందేవి పరంధామయ్య పక్కన వేషం కట్టలేదు, ఆయన పోయేదాకా పలకరించనూ లేదు.

ఇప్పుడు కలలో పళ్ళెంతోనే ఆయన ముందుకి వెళుతుంది. వెళుతుంటే స్టూడియో దీపాలు పెట్రోమాక్స్ లైట్లయిపోతాయి, కెమెరాలు ఎడ్లు విప్పిన బళ్ళలా ఇసుకలో వరసగా నిలబడతాయి.

"రెండోసారి ఎందుకు పాడారు బాబాయ్ గారూ?"

"ఇదడగటానికి ఇన్నాళ్ళు పట్టిందా అమ్మాయ్?"

"మీరు ఉండగా అడిగితే తిట్టేదాన్ని."

"తిడితే పడేవాణ్ణి కదా," అంటాడాయన నెమ్మదిగా. "పద్యం అయిపోంగానే ఓ హోరు రావాల నాకు. చిన్నప్పట్నించీ అంతే. అది వస్తేనే ఊపిరాడేది. ఆ గదిలో పాడి ఆగితే చీమ చిటుక్కుమన్లా. గొంతు పోయిందనుకున్నా. కాళ్ళు వణికినయ్. చప్పట్లు కొట్టరని ముందే చెప్పారు, తెలుసు. తెలిస్తే మాత్రం? ఇంకోసారి పాడితే ఎవరన్నా ఓ మాటంటారేమోనని పాడా."

"అన్నారా?"

"అన్లా."

"నా రంగం మింగేశారు. మా అమ్మ నా నోటెంట ఒక్క ముక్క వినకుండానే పోయింది. నాకు ఈ కడుపుమంట చల్లారట్లేదు బాబాయ్ గారూ," అంటుంది పేరిందేవి.

ఆయన కిరీటం తీసి పక్కన పెట్టి, సింహాసనం దిగి, పందిట్లో ముందు వరస మనిషిలా ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. "పాడు. వింటా. ఇప్పుడు వార్తలేం రావులే."

పేరిందేవి పళ్ళెం కింద పెట్టి పాడుతుంది:

"కోట కూలెనేని కొంప నిల్చును గాని,
కొంప కూలనేల కోట కొరకు?
తలుపు తెరువుమయ్య తాళదీ ప్రజ యింక
బ్రతుకు జనమె నీకు భాగ్యమగును."

పాడి ఆగుతుంది. పరంధామయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు, కదలడు, పలకడు. నది చప్పుడు కూడా లేదు. బాగా పాడానా, శ్రుతి తప్పానా, అసలు ఈయన విన్నాడా అని పేరిందేవి ఎదురుచూస్తుంది, చూస్తున్న కొద్దీ ఆ నిశ్శబ్దం నడుందాకా నీళ్ళు వచ్చినట్టు పైకి వస్తుంది, మోకాళ్ళలో వణుకు మొదలవుతుంది, ఒక్క మాటనండి బాబాయ్ గారూ అనబోతుంది, నోరు తెరిస్తే మాత్రం "కోట కూలెనేని" అని మళ్ళీ మొదటినించీ పద్యమే వస్తుంది, మునుపటికంటే పెద్ద రాగంతో.

"చూశావా," అంటాడు పరంధామయ్య కళ్ళు తెరిచి.

ఆవిడకి నవ్వొస్తుంది. ఆయనా నవ్వుతాడు. ఇన్నేళ్ళ కోపం ఎక్కడ పెట్టిందో వెతుక్కుంటే దొరకదు, పాట మాత్రం ఆపడం లేదు, రెండో పాదం దాటి మూడో పాదంలోకి వెళ్ళిపోతూనే ఉంది.

అక్కడ మెలకువ వచ్చింది. మధ్యాహ్నం ఎండ మంచం దాకా వచ్చి ఉంది, పేరిందేవి గొంతు నిజంగానే ఎండిపోయింది. గది తలుపు ఓరగా తోసి, చేతిలో చిక్కుడుకాయల చేటతో కోడలు సుభాషిణి నిలబడి ఉంది. ఎంతసేపయిందో వచ్చి, ఈనెలు తీయడం మర్చిపోయి వింటోంది.

"తలుపు తెరవమని పాడుతూ ఆపేశారేం అత్తయ్యా?" అంది. "ఇంతకీ తెరిచారా?"

ఆ మాట ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పేరిందేవికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"తెరిచారమ్మా," అంది, కాళ్ళు ముడుచుకుని మంచం మీద చోటిస్తూ. "రా, ఇలా కూర్చో. చెబుతాను."