వంక గట్టు పోతు ఈత

నా బావమరిది తిప్పయ్య మా తోటలో ఉన్న రెండు మగ ఖర్జూరం చెట్లనూ నరికేశాడు. నా భార్య మల్లీశ్వరి అనంతపురం ఆస్పత్రిలో ఉన్నప్పుడు తోట చూసుకోమన్నందుకు వాడు చేసిన పని అది. ఆమె బతకలేదు. దినాలు ముగించుకుని తోటకు వస్తే మొద్దులు కనిపించాయి.

"నాలుగేండ్లాయె, పక్కచెట్లు కాయబోతాండాయి, ఇవి ఉత్త పూలే. గొడ్డు చెట్లకు డ్రిప్పు నీళ్లు దండగని కొట్టేసినా బావా," అన్నాడు మెచ్చుకుంటాననుకుని.

"గొడ్డు కాదురా, పోతులు. మందలో పోతును కోసుకుతిని, మేకలు ఈనలేదని ఏడుస్తావా?"

మేకలు కాసేవాడు కాబట్టి వెంటనే అర్థమైంది. ఏడుపు మొహం పెట్టాడు. నేను పట్టించుకోలేదు. ఆ మాటే వాడితో నా ఆఖరి మాట.

ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మగపూల పొడి తగలకపోతే ఆడగెలకు తినే కాయ రాదు. నాలుగేళ్లు నీళ్లు పెట్టి పెంచిన తోటకు అది తొలి కాపు. గెలలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. విచ్చిన రెండుమూడు రోజుల్లో పొడి పడాలి. ఉరవకొండలో ఖర్జూరం వేసిన రైతుకు ఫోన్ చేస్తే, తన తోటకే చాలలేదన్నాడు.

కొడవలి పట్టుకుని వంకకు పోయాను. గట్టున ఈతచెట్లున్నాయి. పోతు ఈతను వెతికి పూలగెల కోస్తుంటే, మా తోటలో కూలికి వచ్చే యశోదమ్మ ఎదురైంది.

"ఏమన్నా, కల్లుకా?"

"పెండ్లికి."

"నీకా? పిల్ల యాడిది?"

"ఖర్జూరానికి. మగోడు లేడు గదా."

"ఖర్జూరానికి ఈత ఏమైతాది?"

"మేనమామ కొడుకు."

"ఐతే వరసే! పద, తాంబూలాలు నేను పట్టుకుంటా."

చాలా రోజుల తర్వాత నవ్వాను. కాయ గుజ్జు తల్లిచెట్టుదే, గింజలో మాత్రం సగం ఈత ఉంటుందని చెప్పాను. "మేము తినేది గుజ్జే గదా," అంది.

గాలి లేవకముందే నిచ్చెనేసి ఎక్కాను. ఈతపూల రెమ్మలను తలకిందులు చేసి ఒక్కో ఆడగెల మధ్యన దూర్చి, నారతో వదులుగా కట్టాను. తెల్లటి పొడి పిండిలా రాలింది. చివరి చెట్టు దాకా యశోదమ్మ నిచ్చెన పట్టుకుంది.

నెల దాటాక ఒక ఉదయం ఆమె పరుగున వచ్చింది. "పిందెలు రాలిపోతాండాయన్నా!"

వెళ్లి చూశాను. పాదుల నిండా చిన్నచిన్న పిందెలు. ఖర్జూరం ఒక్కో పువ్వులో మూడు పిందెలుంటాయి. పొడి అంటితే ఒకటి నిలిచి లావవుతుంది, రెండు రాలతాయి. అంటకపోతే మూడూ సన్నగా వేలాడుతుంటాయి. తలెత్తి చూశాను. గెల నిండా ఒంటి కాయలు, నిగనిగలాడుతూ.

అప్పటికే తిప్పయ్య తోట గట్టు మీద నిలబడి ఉన్నాడు. కింద రాలినవే చూస్తున్నాడు.

"అంతా పాయె బావా. నా చేతులు ఇరిగిపోను."

నేను నిచ్చెన తెచ్చి చెట్టుకు ఆనించి, ఎక్కి ఒక గెలను దగ్గరగా చూశాను. వాడు కళ్లు తుడుచుకుని, మేకలను తోలుకుని వెళ్లిపోయాడు.

"పాపం, కాయ నిలిచిందని చెప్పకూడదా అన్నా?"

"చెప్పను."

"నేను చెప్తా."

"నీ ఇష్టం. నన్ను ఇంకో గెల చూసుకోనీ."

నిచ్చెన జరిపి పట్టుకోమన్నాను. తిట్టుకుంటూనే పట్టుకుంది.