నలభయ్యో రోజు గోధుమలు

మొగుడు లాంబ్రోస్ పోయి రేపటికి నలభై రోజులు. అగ్లయా పొద్దున్నే గోధుమలు ఉడకబెట్టి, గుడ్డ మీద ఆరబోసి, దానిమ్మ గింజలు, కిస్‌మిస్ కలుపుతోంది. రేపు చర్చి గుమ్మంలో వచ్చినవాళ్లందరి చేతుల్లోనూ అవి పోయాలి. తిన్న ప్రతివాళ్లూ ‘దేవుడు వాణ్ణి క్షమించుగాక’ అనాలి. పోయినవాడికి ఆ మాటలే దారిబత్తెం. తినేవాళ్లే లేకపోతే వాడి గతేమిటో ఆ కొండఊరిలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అలాంటిది ఎన్నడూ జరగలేదు.

రేపు జరగబోతోందని సాయానికొచ్చిన ఆడపడుచు పొలిక్సేనే చెప్పింది. ఊరు నీ గోధుమలు ముట్టదు వదినా, అంది.

ఎందుకు ముట్టదో అగ్లయాకు ఒకరు చెప్పక్కర్లేదు. కొడుకు స్తెర్గియోస్, దేశాన్ని చేజిక్కించుకున్న సైనిక కల్నళ్ల ఏలుబడిలో ఏథెన్స్‌లో మిలటరీ పోలీసు. ఆ ఏలుబడి కాస్తా కూలిపోయాక కోర్టులు కూర్చున్నాయి. అప్పట్లో పోలీసులు పట్టుకుపోయిన ఈ ఊరి బడిపంతులు కొస్మాస్ బోనెక్కి, బూట్లు విప్పి, దెబ్బలకు చితికిన అరికాళ్లు చూపించి, స్తెర్గియోస్ వైపు వేలెత్తి ‘హింసకుడు’ అన్నాడు. వాడికి ఏడాది జైలు పడింది. తండ్రి శవాన్ని మోయడానికి కూడా కుర్రాడికి సెలవు దొరకలేదు. వారం కిందటే వదిలారు.

అసలా మాట ఆ ఊళ్లో చంటిపిల్లల తల్లులందరి నోళ్లలోనూ నానేదే. నిద్రపోని పిల్లవాడు హింసకుడు, మొండికేసిన కంచరగాడిద హింసకుడు, సలిపే పన్ను హింసకుడు. పాలు తాగుతూ కొరికినప్పుడు అగ్లయా కూడా తన బిడ్డను అలాగే తిట్టి, ఆ వెంటనే ముద్దుపెట్టుకుంది. కోర్టు తీర్పు వచ్చిన రోజు నుంచి ఊళ్లో అందరూ గాడిదను సైతం ఆ మాట అనడం మానేశారు. అగ్లయా ఇంట్లోనైతే అది పలకడానికే వీల్లేదు. గుమ్మం దగ్గర కాపలా మాత్రమే కాశానని కొడుకు ఉత్తరం రాశాడు, ఆమె నమ్మింది. కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

“ఒక్కసారి, ఊరి ముందు నీ నోటితో అను వదినా,” అంది పొలిక్సేని. “నా కొడుకు చేశాడు అను. అందరం తింటాం. పోయింది నా తోడబుట్టినవాడు, నాకు తినాలని ఉండదా?”

“మొగుడికి దారి కోసం కొడుక్కి ఆ పేరు పెట్టనా? నువ్వు కన్నావా వాణ్ణి?”

పొలిక్సేనికి పిల్లల్లేరు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. గరిటె కిందపెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ప్రార్థన ముగిసింది. అగ్లయా గుమ్మానికి ఈ పక్క తట్ట పట్టుకుని నిలబడింది. స్తెర్గియోస్ రెండో తట్టతో పక్కనే ఉన్నాడు. జనం బయటికొచ్చారు, తలలు దించుకున్నారు, చేతులు జేబుల్లో పెట్టుకుని దాటిపోయారు. కానీ ఇళ్లకు పోలేదు. వాకిట్లో గుంపుగా ఆగి చూస్తున్నారు. ఎంత పాపిష్టి మొండితనం! పోయినవాడు వాళ్లకేం ద్రోహం చేశాడని?  గుప్పెడు గోధుమలకు దిక్కులేక తన మనిషి ఎక్కడో దారిలో నిలబడిపోయాడని అగ్లయాకు అనిపించింది.

అందరికన్నా వెనక కొస్మాస్ వచ్చాడు. చేతిలో కర్ర, కాళ్లకు రెండు సైజులు పెద్దవైన గుడ్డబూట్లు. అగ్లయా ముందు ఆగి చెయ్యి చాపాడు.

“లాంబ్రోస్ నా బడికి ఊరికే పైకప్పు వేసిపెట్టాడమ్మా,” అన్నాడు. “నేను తింటాను.”

ఆమె పోసింది. పక్కనున్న స్తెర్గియోస్‌ను చూసి ఆయన చెయ్యి వణకడం మొదలైంది. గోధుమలు రాతి మీద రాలిపడుతున్నాయి.

“నిటారుగా నిలబడు,” అన్నాడు స్తెర్గియోస్.

గట్టిగా కూడా అనలేదు. కొస్మాస్ చేతిలో కర్ర జారిపోయింది. మడమలు కలిశాయి, చేతులు పక్కలకు అతుక్కున్నాయి, గడ్డం పైకి లేచింది. యాభై దాటిన మనిషి గోడను చూస్తూ బిగుసుకుపోయాడు. గోధుమలన్నీ నేలపాలు.

“అలవాటమ్మా,” అన్నాడు స్తెర్గియోస్, మొహం పాలిపోయి. “నోట్లోంచి వచ్చేసింది.”

అగ్లయా తట్ట మెట్టు మీద పెట్టి, కర్ర తీసి పంతులు చేతికిచ్చింది. ఆయన పట్టుకోలేదు. కూర్చోండి మాస్టారూ అంది. కన్ను కదపలేదు. ఊరంతా పిలిచినా ఆయన కదలడని, కొడుకే చెప్పాలని ఆమెకు అప్పుడు అర్థమైంది. కాపలా కాసేవాడి మాటకు ఇంత బలం ఉండదు.

“కదలమని చెప్పరా,” అంది.

స్తెర్గియోస్ “చాలు” అన్నాడు. కొస్మాస్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

అగ్లయా వాకిట్లోకి తిరిగింది. “నా కొడుకు హింసకుడు,” అంది. “నేనే కన్నాను.”

 పొలిక్సేని ముందుకొచ్చి చెయ్యి చాపింది. దేవుడు మా అన్నను క్షమించుగాక అని నోట్లో వేసుకుంది. ఆమె వెనక ఒకరొకరే అందరూ వచ్చారు. ఆ మాట విన్నప్పుడల్లా అగ్లయాకు లాంబ్రోస్ ఒక్కో అడుగు నడిచినట్టు ఉంది, గుండె మాత్రం కోసేసినట్టు ఉంది. పొలిక్సేని గుప్పెడు తీసుకెళ్లి పంతులుకు తినిపించింది.

అందరూ అయ్యాక స్తెర్గియోస్ చెయ్యి చాపాడు. తల్లి తట్ట మూలలు గీకి పోసింది. వాడు తిని, దేవుడు నాన్నను క్షమించుగాక అన్నాడు. తర్వాత అడిగాడు:

“నన్ను క్షమించమని ఎవరంటారమ్మా?”

అగ్లయా గడ్డంతో మెట్టు వైపు చూపించింది. కొస్మాస్ వీపు వీళ్ల వైపు పెట్టి కూర్చున్నాడు.

“వెళ్లి అడుగు.”

ఏడడుగుల దూరం కూడా లేదు. స్తెర్గియోస్ ఉన్నచోటే నిలబడ్డాడు. ఆమె కొంతసేపు చూసి, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని మొగుడి సమాధి వైపు నడిచింది.