కొట్టేసిన మూడు లైన్లు

జీవశాస్త్రంలో రెండు మార్కులు తక్కువై బ్రయనీకి 'ఎ' గ్రేడు పోయింది. దానితో పాటే పశువైద్య కళాశాలలో సీటూ పోయింది. పదేళ్ల వయసు నుంచే వాళ్ల నాన్న మందలో గొర్రెలకు పురుడు పోస్తున్న పిల్ల, ఆ సీటు మీదే ప్రాణాలు పెట్టుకుంది.

జవాబు పత్రం నకలు తెప్పిద్దామని వెండీ టీచరే పట్టుబట్టింది. ఆమె పాతికేళ్లుగా విట్బీ ఊరి బడిలో జీవశాస్త్రం చెబుతోంది. దిద్దినవాడెవడో నిద్రమత్తులో ఆ రెండు మార్కులూ మింగేసి ఉంటాడని ఆమె నమ్మకం. ఆగస్టు సెలవుల్లో, ఖాళీ తరగతిలో, ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు.

ఏడో ప్రశ్న దగ్గర వెండీ వేలు ఆగింది. వెలుతురు పెరిగేకొద్దీ ఆకులో కిరణజన్య సంయోగక్రియ వేగం పుంజుకుని, ఒకచోట నిలిచిపోయిన గ్రాఫు ఇచ్చారు. "వివరించండి" అన్నారు. అంటే ఎందుకు నిలిచిందో చెప్పాలి. బ్రయనీ మాత్రం ఎంత పెరిగిందో, ఎక్కడ నిలిచిందో అంకెలతో సహా ముచ్చటగా రాసింది. "వర్ణించండి" అని ఉంటే రాయాల్సిన జవాబది. మూడుకి సున్నా వేశారు.

దానికి పైన మూడు లైన్లు స్కేలు పెట్టి కొట్టేసి ఉన్నాయి. వెండీ కళ్లద్దాలు సర్దుకుని చదివింది. వెలుతురు పుష్కలంగా ఉన్నా కార్బన్ డయాక్సైడ్ చాలక వేగం ఆగిపోయిందని ఉంది. వంక పెట్టడానికి లేని జవాబు. కానీ కింద ఇంకో జవాబు రాశాక, కొట్టేసినదాన్ని ఎవరూ దిద్దరు.

"సారీ మిస్," అంది బ్రయనీ. "ప్రశ్నలో ఆ మాట చూసుకోమని మీరు వందసార్లు చెప్పారు."

తానేం చెప్పిందో వెండీకి బాగా గుర్తుంది. ఫిబ్రవరిలో, ముప్ఫై పేపర్లు దిద్ది ఒళ్లు మండిపోయిన రోజున, "వర్ణించండి" అన్నదానికి ఈ పిల్ల కారణాలు పేజీడు రాసింది. ఆ కాగితాన్ని తరగతి ముందు ఎత్తిపట్టి, "ఎందుకని నిన్నెవరడిగారమ్మా? అడక్కుండానే పురాణం విప్పుతావేం?" అంది. పిల్లలంతా నవ్వారు. బ్రయనీ కూడా నవ్వింది. మే నెల వచ్చేసరికి క్లాసులో చెయ్యెత్తి ఎందుకని అడగడమే మానేసింది. పిల్ల దారిలో పడిందని వెండీ సంబరపడింది.

"ఎందుకు కొట్టేశావు?"

"ముందు అదే తట్టింది మిస్. రాశాక మీరు అన్నది గుర్తొచ్చింది. మళ్లీ అడక్కుండా వాగుతున్నానేమో అనిపించింది." నవ్వబోయింది. "నా బుర్రే అంత."

వెండీకి సిగ్గుతో మొహం కాలిపోయింది. కంగారు పడ్డావులే, ఎవరికైనా జరుగుతుంది అనేస్తే సరిపోయేది. పిల్ల నమ్మేది కూడా. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"నీ బుర్ర బాగానే ఉంది," అంది చివరికి. "నువ్వు రాసింది సరైనదే. దాన్ని కొట్టేయించింది నేను."

బ్రయనీ తెర మీద ఆ మూడు లైన్లూ మళ్లీ చదువుకుంది.

"వచ్చే ఏడు మళ్లీ రాయొచ్చా మిస్?"

"రాయొచ్చు. సాయంత్రాలు నేనే కూర్చోబెట్టి చెబుతాను, నీకిష్టమైతే."

బ్రయనీ లేచి సంచీ భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"చెప్పడానికి ఇంకెవరైనా ఉన్నారా మిస్?" అని అడిగింది, మర్యాదగానే.

దగ్గర్లోని స్కార్‌బరో ఊళ్లో ఒకాయన ఉన్నాడని చెప్పి, వెండీ ఆయన పేరూ ఫోను నంబరూ కాగితం మీద రాసిచ్చింది.