మధ్యలో ఉన్నవాళ్ళు

అక్క ఉద్యోగం ఊడి ఏడాదైంది. చెల్లెలి కడుపుమంట మాత్రం ఇంకా చల్లారలేదు.

ఊడిన తీరు అలాంటిది మరి. ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజరు కంప్యూటర్లో పేర్ల లిస్టు తెరిచి, తీసేయాల్సిన ఇద్దరిలో పైవాడి పేరు నొక్కి, షిఫ్ట్ మీట పట్టుకుని కిందివాడి పేరు నొక్కాడు. మహానుభావుడికి అంతకుమించి రాదు. ఆ రెండు పేర్ల మధ్య అక్క పేరుంది. మూడు వరుసలూ నీలంగా మారితే ఆయన చూసుకోలేదు. తర్వాత తెలిసినా, "ఒకరు ఎక్కువైతే కొంపలేం మునగవులే" అని చేతులు దులుపుకున్నాడు.

ఇప్పుడు ఆ లిస్టును కొత్తగా తయారుచేసే పని కంప్యూటర్ సెక్షన్లో ఉన్న చెల్లెలి చేతికే వచ్చింది. ఆమె ఎవరి చెల్లెలో ఆయనకు తెలియదు.

"అందరి పేర్లూ కనపడాలమ్మాయ్, నాది కూడా. పేరు పక్కన టిక్కులు పెట్టే గడులొద్దు. నిజంగానే పంపమంటారా అని అడిగే బాక్సులూ వద్దు. నాకు చిరాకు."

"అలాగే సార్. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

పెట్టాడు.

ఒకేసారి ఎన్ని పేర్లయినా ఎంచుకోగల లిస్టు తయారుచేయడం ఆమెకు చిటికెలో పని. సూపర్‌వైజరు పేరున్న వరుస ఎంపికలో పడకుండా ఆపాలంటే ఒక్క లైను రాస్తే చాలు. రాయలేదు. ఈసారి ఆయన ఏ ఇద్దరిని తీస్తాడో ఆఫీసంతా చెవులు కొరుక్కుంటూనే ఉంది. పేర్లను అక్షరక్రమంలో కాకుండా ఉద్యోగంలో చేరిన తేదీల ప్రకారం పేర్చింది. ఆ ఇద్దరి నడుమ ఆయన పేరు దర్జాగా కూర్చుంది. పళ్ళు నూరుకుంటూనే అయినా, అంత శుభ్రంగా ఆమె ఏ పనీ చేసి ఎరగదు.

సోమవారం పదకొండింటికి ఆయన తన పద్ధతిలోనే నొక్కి పంపాడు. పంపిన మరుక్షణం ఉత్తర్వులు అచ్చవుతాయి, తీసేసినవాళ్ళ లాగిన్లు మూతపడతాయి. పావుగంటలో ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా పేరెలా వెళ్ళింది?"

"మీరే నొక్కారు సార్. పోయినేడు మా అక్క పేరు ఎలా వెళ్ళిందో అలాగే."

ఆయన అప్పుడు ఆమె ముఖంలోకి సరిగ్గా చూశాడు. ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు. ఆమెకు కడుపు నిండిపోయింది. సిగ్గుపడలేదు కూడా. ఈ ముఖం చూడాలనే ఏడాదిగా కాచుకుని ఉంది.

ఆయన చేతిలోని ఉత్తర్వుల కాగితం ఆమె ముందుకు తోశాడు. అందులో ఆరు పేర్లున్నాయి.

"నా సంగతి సరే. తూకం వేసే ఆవిడా, లేబుళ్ళంటించే ఆ తల్లీకూతుళ్ళూ... వీళ్ళు నీకేం చేశారు?"

లిస్టు పేర్చినప్పుడు ఆమె ఆయన పేరొక్కటే వెతికింది. మిగతా వరుసల వంక కన్నెత్తి చూడలేదు.

"వాళ్ళ ముగ్గురివీ రద్దు చేయండి సార్, ఇప్పుడే" అంది.

"రద్దు చేసే అధికారం ఈ సెక్షన్లో నా ఒక్కడికే ఉండేది" అన్నాడాయన, "పదకొండింటి దాకా."