కళ్ళజోడు ఫొటో

నేను ఒక ప్రింటర్ని. తణుకులో ఓ డాబా ఇంటి ముందుగదిలో, బీరువా పక్కన స్టూలు మీద నా కాపురం. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క కాగితం కూడా నమిలిన పాపాన పోలేదు. ఏ దేశంలో పుట్టానో నా వీపు మీద సన్నటి అక్షరాల్లో ఉందట. ఎవరి వీపు వాళ్ళు చదువుకోలేరు కదా, నాకు తెలియదు.

నన్ను కొన్నది వీరవేణి. జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసేది. నెమళ్ళూ మామిడిపిందెలూ నా చేత కాగితం మీద వేయించుకుని గుడ్డ మీదికి దించేది. ఈ చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళ భుజాల మీద వాలిన నెమళ్ళు చాలావరకు నా కడుపులోంచి వచ్చినవే. ఆమె భర్త భీమేశ్వరరావు మాత్రం నా జోలికి వచ్చేవాడు కాదు.

దసరాకి ఏమైందంటే, ఆయుధపూజ నాటి పొద్దున నేను ఫర్మ్‌వేర్ మార్చుకుంటున్నాను. ఫర్మ్‌వేర్ అంటే నా బుర్రలోని చదువు. కొత్తది ఎక్కాలంటే పాతది చెరిగిపోవాలి. ఆ మధ్యలో నేనెవరో నాకే తెలియదు. అందుకే ‘స్విచ్ ఆపవద్దు’ అని తెర మీద రాసి మరీ పెడతాను. వీరవేణి తలస్నానం చేసి పసుపు కుంకుమ పట్టుకొచ్చింది. ఆ రోజు ఆమె సూదీ కత్తెరా కూడా ముట్టుకోదు. నేను కుయ్యి కుయ్యిమంటుంటే జాలేసింది.

“పండగ పూట కూడా పనేనా దీనికి” అని స్విచ్ ఆపి, నుదుట బొట్టు పెట్టింది.

మర్నాడు నా దీపాలు ఒకటి మార్చి ఒకటి మిణుకుమిణుకుమన్నాయి. తెర మీద ‘ఫర్మ్‌వేర్ ఎర్రర్’ అని పడింది. ఏం నొక్కినా అదే మాట. బాగుచేయిద్దాం, చేయిద్దాం అనుకుంటూనే చలికాలం గడిచింది. తరవాత ఆమె జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు.

ఇంట్లో చప్పుడు పోయింది. భీమేశ్వరరావు ఎవరేమన్నా ‘ఊ’ అనేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. పెద్దకార్యానికని స్టూడియోవాళ్ళు ఆమె ఫొటో కట్టి పంపారు. కళ్ళజోడు తీసేశారు, పట్టుచీర చుట్టారు, మెడలో హారం వేశారు, మొహం తెల్లగా తోమారు. వీరవేణి అక్క చిట్టెమ్మ చూసి, “ఎవరమ్మా ఈవిడ?” అంది.

భీమేశ్వరరావు ఆ ఫొటోని గోడవైపు తిప్పి పెట్టాడు. పెద్దకార్యం మర్నాడే. వచ్చినవాళ్ళంతా ఎవరో ఆవిడకి పూలు వేసి వెళ్ళిపోతారు. అతని ఫోనులో అసలు ఫొటో ఉంది. ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, సూదిలోకి దారం ఎక్కిస్తున్న వీరవేణి. స్టూడియోకి ఇస్తే ఈమెనీ తోమేస్తారు.

“దీంట్లోనే తీద్దాం” అన్నాడు నన్ను చూపించి. ‘ఊ’ కాకుండా అతని నోట ఇంకో మాట రావడం విని చిట్టెమ్మ తలెత్తింది.

పక్కింటి పేర్రాజు వచ్చాడు. నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. నేనూ మోటారునే అనుకున్నాడేమో, వీపు మీద రెండు చరిచాడు. సిరా డబ్బాలు తీసి ఊపాడు.

“సిరా ఉంది, కరెంటుంది. ఇంకేం రోగం దీనికి?”

“ఊ.”

“ఊ కాదు బావా, కంపెనీవాళ్ళకి ఫోన్ కొట్టు.”

ఫోన్లో ఒక అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ప్లగ్గు గోడలోంచే పీకండి. కాసేపాగి, పవర్ బటన్ నొక్కిపట్టి మళ్ళీ పెట్టండి. వైఫై వద్దు, వైరుతో కంప్యూటర్‌కి కలిపి ఫర్మ్‌వేర్ మొదటినుంచి ఎక్కించండి. మధ్యలో మాత్రం ఆపకండి.

వీరవేణి పాత ల్యాప్‌టాప్‌కి నన్ను కట్టేశారు. పేర్రాజు స్విచ్ బోర్డుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంతలో చిట్టెమ్మ మిక్సీ పట్టుకొచ్చింది.

“లెగరా, వంటింట్లో ప్లగ్గు పనిచెయ్యట్లేదు. పచ్చడి చెయ్యాలి.”

“రోట్లో రుబ్బుకో అక్కా.”

“రోలెక్కడుంది, నీ నెత్తిన రుబ్బనా?”

“రుబ్బుకో. ప్లగ్గు మట్టుకు ముట్టుకోకు. మీ చెల్లి ఫొటో కోసం.”

చిట్టెమ్మ మిక్సీ ఎత్తుకుని పేర్రాజు ఇంటికే పోయింది.

చదువు మొదటినుంచి ఎక్కింది. దీపం నిలకడగా వెలిగింది. ఫొటో కాగితం పెట్టారు. నేను కాగితం నమల్లేదని చెప్పానా? ఆ మొదటిదాన్నే, నుదురు దాకా వచ్చాక నమిలేశాను. నిజం చెప్పాలంటే, వీరవేణి నెమళ్ళలో నేను మింగినవి ఎన్నో. పేర్రాజు నా నోట్లో చెయ్యిపెట్టి ముక్కలు పీకాడు. మంచి కాగితం ఇక ఒక్కటే మిగిలింది.

ఈసారి నెమ్మదిగా వదిలాను. ముందు పాపిట, తరవాత జారిన కళ్ళజోడు, సూది, దారం. చెంప మీద సన్నటి గీత పడింది, అది నా చేతకానితనం. అయినా వీరవేణే. చూసి భీమేశ్వరరావు భోరుమన్నాడు. పేర్రాజు కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

పెద్దకార్యం అయిపోయింది. నా మీద గుడ్డ కప్పారు. ఇప్పుడు నా చేత అచ్చు వేయించుకునేవాళ్ళు లేరు.

ఇక ఒక మాట ఒప్పుకోవాలి. భోరుమన్నాడన్నాను చూశారూ, అది నా కల్పన. కథకి ఆ చోట ఏడుపు ఉంటే నిండుగా ఉంటుందని పెట్టాను. అతను ఏడవలేదు. “ఆరేదాకా వేలు తగలనీకు” అని పేర్రాజు అంటే, కాగితం అంచులు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. సిరా ఆరింది. పేర్రాజు ఇంటికెళ్ళిపోయాడు. చిట్టెమ్మ పచ్చడి గిన్నెతో తిరిగొచ్చి, అతన్ని చూసి, లోపలికి పోయింది. అతను అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు.